కాకి లేని దీవి

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నన్నెవరో పళ్ళూడిన ముసలిదాన్ని అనుకునేరు. నాలుగైదేళ్ళ కిందటి మాటే ఇది. కాకపోతే కరోనాకి ముందు, కరోనాకి తర్వాత అని బతుకు రెండు ముక్కలైపోయిన వాళ్ళకి నాలుగేళ్ళంటే చాలా దూరం. ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. దుబాయ్‌లో ఒక ఫ్రెంచి వాళ్ళ విల్లాలో వాళ్ళ మూడేళ్ళ పాపని చూసుకునే ఉద్యోగం, మా కోనసీమ తప్ప మిగతా ప్రపంచమంతా ఇసుకేనన్న గట్టి నమ్మకం, వీటికి తోడు ఒక కాకితో స్నేహం ఉండేవి. కాకితో స్నేహం అంటే మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. ఇప్పుడైతే నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం ఆ కాకి నా మాట వినకపోతే మా అమ్మ ఆకలితో ఉండిపోతుందని నిజంగానే భయపడేదాన్ని.

అసలు సంగతి ముందు చెప్పాలి. రెండో దఫా కరోనాలో మా అమ్మ పోయింది. జ్వరం తగిలిందని తమ్ముడు ఫోన్ చేసిన ఐదో రోజుకే పోయింది. అప్పుడు ఇండియా నుంచి దుబాయ్ వచ్చే విమానాలు ఆపేశారు. వెళ్ళాలంటే వెళ్ళచ్చు, మళ్ళీ ఎప్పుడు రానిస్తారో ఎవరూ చెప్పలేరు. "నువ్వొచ్చి ఏం చేత్తావక్కా, మమ్మల్నే దగ్గరికి రానివ్వలేదు. అక్కడే ఉండు" అన్నాడు తమ్ముడు. ఉండిపోయాను. ఆ రోజు కూడా పాపకి పాలు కలిపాను, బట్టలు ఇస్త్రీ చేశాను, మేడమ్ దగ్గరికి వచ్చి నా వీపు నిమిరి ఏదో అంటే "ఓకే మేడమ్, థాంక్యూ మేడమ్" అన్నాను. అప్పటికి నాకొచ్చిన ఇంగ్లీషులో దుఃఖానికి అంతకంటే మాటల్లేవు.

పదకొండో రోజున తమ్ముడు వీడియో కాల్‌లో అంతా చూపిస్తానన్నాడు. కాలవ గట్టు మీద పిండం పెట్టారు. పోయినవాళ్ళకి పెట్టిన ముద్దని కాకి వచ్చి ముడితే వాళ్ళు తృప్తిగా తిన్నట్టు, ముట్టకపోతే ఎవరిమీదో బెంగ మిగిలిపోయినట్టు అని మా వైపు పట్టింపు. దూరాన ఉన్నదానికి బాగా కనబడాలని పాపం మా తమ్ముడు ఫోన్‌ని ఇటుకకి ఆనించి, సౌండు ఆఖరి దాకా పెంచి, పిండానికి జానెడు దూరంలో పెట్టాడు. అందరూ వెనక్కి జరిగారు. కాసేపటికి ఒక కాకి దిగింది. తల వంచి ఇటు చూసింది, అటు చూసింది, రెండు గెంతులు ముందుకి వేసింది. ముక్కు ముద్దకి తగలబోయే సమయానికి నేను ఆపుకోలేక "అమ్మా, నేనేనమ్మా" అన్నాను. నా గొంతు అక్కడ ఫోన్‌లోంచి ఎంత గట్టిగా వినబడిందో నాకు తెలియదు. కాకి ఎగిరిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ గట్టు మీద ఇంకే కాకీ వాలలేదు. గంటన్నర చూసి, చివరికి పంతులుగారు దర్భతో కాకిని చేసి దాంతోనే ముట్టించి, ముద్దని కాలవలో వదిలించారు. "దూరాన ఉన్నదాని మీద బెంగతో పోయిందమ్మా" అని ఎవరో అనడం కూడా ఫోన్‌లో వినబడింది. నీవల్లే అని ఒక్కరూ అనలేదు. అననక్కర్లేదు, నేను కళ్ళారా చూశాను కదా. ప్రపంచంలో ఫోన్‌లో కేకేసి సొంత తల్లి నోటికాడ ముద్ద తీసేసినదాన్ని బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను.

సెలవు రోజున అల్ కుసైస్‌లో మా పిన్ని గదికి వెళ్ళేదాన్ని. ఆరుగురు ఆడవాళ్ళు ఉండే ఆ గదిలో ఏ శాస్త్రమైనా ఆవిడ చెప్పిందే. "ఏడాది నిండే రోజున నువ్వెక్కడున్నా సరే అమ్మకిష్టమైంది వండి ఓ ముద్ద కాకికి పెట్టవే. అక్కడ ముట్టనిది ఇక్కడైనా ముడుద్దేమో. అది ముట్టేదాకా నువ్వు మాత్రం మెతుకు ముట్టకు" అంది. తంతు ఎలాగూ తమ్ముడు ఊళ్ళో చేస్తాడు. నా వంతు ఈ ఒక్క ముద్దే. ఈసారి తప్పు జరగకూడదనుకున్నాను. ఏ పనికైనా ముందు నుంచి సాధన ఉండాలని కదా పెద్దలు చెబుతారు (ఏ పెద్దలూ కాకి విషయంలో చెప్పి ఉండరు, నేనే అనుకున్నాను). విల్లా వెనక వంటింటి గోడ పక్కన ఒక వేపచెట్టు ఉండేది. దాని మీదికి రోజూ ఒక కాకి వచ్చేది, కుడి రెక్కలో ఒక ఈక ఊడిపోయి గుర్తుపట్టడానికి వీలుగా ఉండేది. దాన్ని అలవాటు చేసుకోవాలని నిర్ణయించాను.

ఆ పని ఎంత కష్టమో మొదలుపెట్టాకే తెలిసింది. అది దుబాయ్‌లో పుట్టి పెరిగిన కాకి. ఉత్త అన్నం పెడితే ముక్కుతో ఒక మెతుకు ఎత్తి చూసి కింద పడేసింది. దానికి బంగాళాదుంప చిప్స్ కావాలి, సమోసా కావాలి, పక్క విల్లా వాళ్ళు పారేసే కోడిముక్కలు కావాలి. అందుకని నేనూ మెల్లమెల్లగా దింపుకుంటూ వచ్చాను. మొదటి నెల బిరియానీ మెతుకులు. రెండో నెల మసాలా తక్కువ పులావు. తర్వాత నెయ్యన్నం. నాలుగో నెలకి పప్పన్నం దాకా వచ్చాం. పాపకి తినిపించడం కూడా ఇంత ఓపిగ్గా చేసి ఉండను. ముద్ద గోడ మీద పెట్టడం, పది అడుగులు వెనక్కి నడవడం, నోరు మూసుకుని నిలబడటం, ఇదీ నా సాధన. నిజానికి కాకికి నేర్పింది తక్కువ, నోరు మూసుకోవడం నేను నేర్చుకున్నది ఎక్కువ. పాప కూడా నా పక్కనే వేలు పెదాల మీద పెట్టుకుని నిలబడి, కాకి ముద్ద ముట్టగానే "కాకమ్మ తినింది" అని గుసగుసగా అనేది. ఆ పిల్లకి తెలుగులో వచ్చిన మొదటి వాక్యం అదే.

విల్లా డ్రైవరన్న ఊరు తెలంగాణలో నిర్మల్ వైపు. ఆయన కారు తుడుస్తూ ఇదంతా చూసేవాడు. "చెల్లె, కాకికి ట్రైనింగ్ ఇస్తున్నవా, నౌకరి ఇస్తున్నవా? సమోస దినే కాకిని పప్పన్నం తినుమంటే ఎట్ల తింటది? నేనే తింటలేను" అనేవాడు. సంగతి చెప్పాక మాత్రం తుడిచే గుడ్డ బకెట్లో వేసి, చాలాసేపు పిండి, "మా బాపు పోయినప్పుడు నేను గూడ గీడనే ఉన్న చెల్లె" అన్నాడు. మర్నాటి నుంచి కారు ఆ గోడకి దూరంగా నిలిపేవాడు.

అన్నీ కుదిరాయనుకుంటున్నప్పుడు మేడమ్ వచ్చి, సామాను సర్దుకో, నెల రోజులు ఫ్రాన్స్ వెళ్తున్నాం, నువ్వూ వస్తున్నావు అంది. వాళ్ళ నాన్నగారికి ఎనభై ఏళ్ళు నిండుతున్నాయట. తారీకులు లెక్కేసుకుంటే అమ్మ తిథి సరిగ్గా ఆ నెల మధ్యలో పడింది. నాకు వీసా గురించి గానీ విమానం గురించి గానీ ఏ ప్రశ్నా రాలేదు. "మేడమ్, దేర్ క్రో?" అని అడిగాను. మేడమ్‌కి కాకులంటే గిట్టదు, ఒకసారి ఆవిడ చెంచా ఎత్తుకుపోయింది మా కాకే. నేను కూడా కాకులకి భయపడుతున్నాననుకుని నా భుజం తట్టి, "కంగారుపడకు. మా దీవిలో ఒక్క కాకి కూడా లేదు, ఒక్కటంటే ఒక్కటి లేదు" అని ధైర్యం చెప్పింది. నా మొహం చూసి ఇంకా భయం పోలేదనుకుందో ఏమో, "ప్రామిస్" అని కూడా అంది.

దీవి ఏంటో, ఫ్రాన్స్‌లో దీవేంటో నాకు బోధపడలేదు. పిన్ని గదిలో మాత్రం ఆ సాయంత్రమే నన్ను మంచుకొండల మీద నిలబెట్టేశారు. ఐఫిల్ టవర్ పక్కన ఫోటో దిగి పంపమని ఒకావిడ, సెంటు సీసా తెమ్మని ఇంకొకావిడ. పిన్ని నన్ను నైఫ్ బజారుకి లాక్కుపోయి మోకాళ్ళ దాకా వచ్చే ఊలు కోటు ఒకటి కొనిపెట్టింది. మెడ దగ్గర బొచ్చు ఉన్న కోటు. "చలికి బిగుసుకుపోతే మీ అమ్మకి నేనేం చెప్పనే" అంది. అమ్మకి ఇంకేమీ చెప్పక్కర్లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. పిన్ని నా ఒంటి మీదే కోటు బొత్తాలన్నీ మెడ దాకా పెట్టేసింది. డ్రైవరన్నకి కాకి బాధ్యత అప్పగించాను. తిథి రోజున గోడ మీద ముద్ద పెట్టమన్నాను. "కాకికి గూడ ఒక వీసా తీపియ్యరాదు చెల్లె, సార్‌నే కఫీల్ పెట్టి" అన్నాడు. (కఫీల్ అంటే వీసాకి పూచీపడే యజమాని, మాకైతే మేడమ్ భర్త.) నేను ఆ మాటని ఒక నిమిషం సీరియస్‌గానే ఆలోచించానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మారిషస్‌లో విమానం మారాలి. అక్కడ అద్దంలోంచి చూస్తే దీపస్తంభం మీద ఒక కాకి కనబడింది. ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ ఉంటే పక్క దీవిలో ఉండదా, మేడమ్‌కేం తెలుసు అనుకున్నాను. అక్కణ్ణుంచి చిన్న విమానం ఎక్కి గంట కూడా కాకుండా దిగాం. ఆ దీవి పేరు రీయూనియన్. ఫ్రాన్స్ ఎక్కడో భూమికి అవతల ఉంది, ఇది మాత్రం మన సముద్రంలోనే ఆఫ్రికా పక్కన ఉంది, అయినా ఫ్రాన్సేనట. (మా ఊరికి పడవ దాటితే యానాం. అదీ ఒకప్పుడు వాళ్ళదే. కాబట్టి వాళ్ళు ఎక్కడ కావాలంటే అక్కడ ఫ్రాన్స్ పెట్టుకోగలరని నాకు తెలిసుండాల్సింది.) బొచ్చు కోటు వేసుకుని విమానాశ్రయం బయటికి వచ్చానో లేదో ఉక్కపోత మొహానికి కొట్టింది. కొబ్బరిచెట్లు. చెరకు తోటలు, పూత మీద ఉన్నాయి. అరటి గెలలు, మామిళ్ళు, పెరటి గోడల మీంచి వంగిన మందారాలు, దారి పక్కన మునగాకు కట్టలు కట్టి అమ్ముతున్న ఆడవాళ్ళు. మా ఊరంతా ఎత్తుకొచ్చి ఇక్కడ దించి, మనుషుల్ని మాత్రం మార్చేసినట్టు ఉంది. మూడేళ్ళయింది నేను ఊరు చూసి. కారులో కిటికీకి మొహం తిప్పుకుని ఏడుస్తుంటే మేడమ్ నా మెడ చుట్టూ ఉన్న బొచ్చు చూసి, వేడికి ఒళ్ళు బాగాలేదనుకుని కోటు విప్పించింది.

ఆ రోజు నుంచి నా కళ్ళు ఆకాశం మీదే ఉండేవి. పాపని ఎత్తుకుని తీగల మీద, చెత్తబుట్టల దగ్గర, బడి గోడల మీద వెతికాను. చివరికి చేపల బజారుకి వెళ్ళాను. చేపలు కోసేచోట కూడా కాకి లేకపోతే ఇంకెక్కడా ఉండదు కదా. లేదు. చేప తలలు గుట్టగా పడి ఉన్నాయి, వాటి మీద ఒక పిల్లి నిమ్మళంగా కూర్చుని ఉంది. కాకి లేని చేపల బజారు చూస్తే నాకు దిగులేసింది. అక్కడ గోరింకలు బోలెడు ఉన్నాయి. గిజిగాళ్ళు అరటాకుల్ని చీల్చి గూళ్ళు అల్లుతుంటాయి. ఎర్రగా కుంకంలో ముంచినట్టుండే చిన్న పిట్టలున్నాయి. కంచె మీద ఆకుపచ్చ ఊసరవెల్లి పాపని చూసి కదలకుండా ఉండిపోయేది. సముద్రం మీది కొండచరియల దగ్గర తెల్లటి పక్షులు బారెడు తోకతో ఎగిరేవి, మేడమ్ వాటిని చూపించి ఎంత అందమో అనేది. అందంగానే ఉన్నాయి. నాకు నల్లది కావాలి.

ఒకరోజు పొద్దున్నే అందరం అగ్నిపర్వతం చూడటానికి వెళ్ళాం. నిప్పుకొండ అన్నారు కదా, ఇంకా ఉడికిపోతుందేమో అనుకున్నాను. కారు మలుపులు తిరుగుతూ మబ్బుల పైకి వెళ్ళిపోయింది. పైన చెట్టూ చేమా లేని ఎర్రటి నేల, ఎదురుగా నల్లగా మాడిన కొండ, ఎముకలు కొరికే చలి. సార్ చొక్కా చేతులు కిందికి లాక్కుంటున్నారు. మేడమ్ దవడలు టకటకలాడుతున్నాయి. అప్పుడు నేను కారు వెనక నుంచి పిన్ని కొన్న కోటు తీశాను. చివరికి అది మేడమే వేసుకుంది, పాపని లోపల పెట్టుకుని బొత్తాలు వేసుకుంది. నువ్వెంత ముందుచూపున్న మనిషివి అని మెచ్చుకుంది కూడా. నేను దుప్పటి కప్పుకుని ఆ మాడిన నేల వైపు చూస్తూ నిలబడ్డాను. అంత నల్లటి చోటులో కూడా ఒక్క కాకి లేదు.

తిథి రోజు వచ్చేసింది. అమ్మకి పనసపొట్టు కూర ప్రాణం. ఆశ్చర్యం ఏంటంటే ఆ దీవిలో పనసకాయని పొట్టు కొట్టి సంచుల్లో పెట్టి బజార్లో అమ్ముతారు, మేడమ్ వాళ్ళింట్లో అప్పటికే రెండుసార్లు వండారు, పొగబెట్టిన పందిమాంసం వేసి. నేను పొద్దున్నే తలస్నానం చేసి, ఆవ పెట్టి అమ్మ చేసినట్టే వండాను. అరటాకు కోసి, అన్నం, కూర, కాస్త పెరుగు వేసి వెనక గోడ మీద పెట్టాను. పది అడుగులు వెనక్కి నడిచాను. పాప వచ్చి వేలు పెదాల మీద పెట్టుకుని పక్కన నిలబడింది. ఎంతైనా శిష్యురాలు కదా. తమ్ముడికి మాత్రం ఫోన్ చేయలేదు. ఫోన్‌ని పెట్టెలో బట్టల కింద దాచేశాను.

కాసేపటికి రెండు గోరింకలు వాలాయి. తువ్వాలు విసిరాను. ఎగిరి, కొబ్బరిమట్ట మీద కూర్చుని నన్నే చూశాయి. మళ్ళీ వచ్చాయి. ఈసారి చీపురు తెచ్చాను. ఎక్కణ్ణుంచైనా, మారిషస్ నుంచి దారి తప్పైనా సరే, ఒక్క కాకి రాకపోతుందా అని నా ఆశ. అది వచ్చేసరికి ఈ గోరింకలు అంతా ఎంగిలి చేసేస్తే ఎలా? మధ్యాహ్నమైంది. లోపల అందరూ భోజనాలకి కూర్చుని నన్ను పిలిచారు. "నో మేడమ్, నాట్ హంగ్రీ" అన్నాను. గోరింకలు మూడోసారి వచ్చాయి. ఈసారి చీపురుతో గోడ మీద గట్టిగా కొట్టాను, అరటాకు చిరిగింది. మేడమ్ బయటికి వచ్చి ఏం జరుగుతోందని అడిగింది. నాకున్న ఇంగ్లీషంతా పోగేసి "మేడమ్, క్రో కమ్, క్రో ఈట్, మై మదర్ ఈట్" అన్నాను.  అప్పటికి గానీ దుబాయ్‌లో నేనడిగిన ప్రశ్నకి అర్థం ఆవిడకి తట్టలేదు. "అయ్యో, లేవని నేను ఎంత సంతోషంగా చెప్పానో" అని మెట్ల మీద కూలబడింది.

పక్కింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. పూలపూల గౌను, తాటాకు టోపీ, కనుబొమల మధ్య రూపాయంత బొట్టు. మనిషి అచ్చం మా మేనత్త. వచ్చిన మొదటి రోజే నేను పరుగెత్తుకెళ్ళి "మామ్మగారూ, మీదే ఊరండీ?" అని అడిగాను, ఆవిడ ఏదో వాళ్ళ భాషలో జవాబిచ్చి నవ్వేసరికి ఏడుపొచ్చినంత పనైంది. పూర్వం చెరకు తోటల్లో పనికి మన తీరం నుంచి ఓడల్లో తీసుకెళ్ళారే, ఆ వంశాల వాళ్ళు. భాష పోయి ఎన్ని తరాలైందో వాళ్ళకే తెలియదు. ఆ మామ్మగారు గోడ అవతల నుంచి మేడమ్‌ని ఏదో అడిగారు, మేడమ్ చెప్పింది, ఆవిడ చాలాసేపు మాట్లాడారు. చేతిలో చీపురుతో నేను ఇద్దరి మొహాలూ చూస్తున్నాను. మేడమ్ నా వైపు తిరిగి ఒక్కొక్క ముక్కే చెప్పింది.

"ఆవిడ పొద్దుట్నుంచి చూస్తోందట. నువ్వు మీ అమ్మని మూడుసార్లు తరిమేశావు అంటోంది. అందులో రెండుసార్లు చీపురుతో."

నేను చీపురు వీపు వెనక్కి దాచుకున్నాను.

"వాళ్ళ ముత్తవ్వలు ఓడ దిగినప్పుడు కూడా ఇలాగే అన్నం పెట్టుకుని నల్ల పిట్ట కోసం చూసేవాళ్ళట. ఓడలో మనుషుల్నే తెచ్చారు, కాకుల్ని తేలేదు కదా. చనిపోయిన వాళ్ళు మాత్రం పిల్లల్ని వెతుక్కుంటూ ఎలాగో వస్తారు, ఇక్కడ ఏ రెక్కలు దొరికితే అవి వేసుకుని వస్తారు అని చెప్పుకున్నారట. నువ్వు ఆ చీపురు కింద పెట్టు అంటోంది."

పెట్టాను. చిరిగిన ఆకు సర్దాను. ఈసారి పది అడుగులు కాదు, వంటింటి గుమ్మం దాకా వెళ్ళిపోయాను. గోరింకలు చాలాసేపు రాలేదు. మూడుసార్లు దెబ్బలు తప్పించుకున్నవి ఎందుకొస్తాయి, నేనైనా రాను. ఇక రావనుకుని ఏడవడం మొదలుపెట్టాక ఒకటి వచ్చింది. గోడ చివర వాలి, అన్నం జోలికి పోకుండా ముందు పనసపొట్టు మీదికే వెళ్ళింది. రెండోది వస్తే దాన్ని ముక్కుతో పొడిచి పక్కకి నెట్టింది. పనసపొట్టు దగ్గర మా అమ్మ కూడా ఎవరినీ రానిచ్చేది కాదు. "కాకమ్మ తినింది" అంది పాప గుసగుసగా. కాదమ్మా అది గోరింక అని సరిచెయ్యబోయి ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని మేడమ్, మామ్మగారు, నేను ఒకే గిన్నెలోంచి తిన్నాం. మామ్మగారు రెండు ముద్దలు తిని ఏదో అన్నారు. మేడమ్ ఇబ్బందిగా నవ్వి, "బాగుందట, పందిమాంసం వేస్తే ఇంకా బాగుండేదట" అని చెప్పింది.

మర్నాడు పెట్టెలోంచి ఫోన్ తీసి తమ్ముడికి చేశాను. వాడి గొంతు హుషారుగా ఉంది. "ఈసారి పెట్టడం ఆలస్యం అక్కా, వచ్చి ముట్టేసింది. నాలుగొచ్చాయి. ఈసారి ఫోన్ పెట్టలేదు కదా" అన్నాడు. పాపం, వాడు ఏ దురుద్దేశంతోనూ అనలేదు, ఉన్నమాట అన్నాడు. "మంచిదిరా" అన్నాను. ఫోన్ పెట్టేసి చెరకు తోట వైపు చూస్తూ కూర్చున్నాను. అమ్మ తిన్నదని సంతోషించాలి కదా, సంతోషించాను కూడా. నేను లేకపోతేనే తిన్నదన్న మాట కూడా దాని పక్కనే వచ్చి కూర్చుంది, లేవమంటే లేవలేదు. దుబాయ్ తిరిగి వచ్చాక డ్రైవరన్న ఎదురొచ్చి, "తిన్నది చెల్లె, నువ్వు చెప్పిన దినం కడుపునిండ తిన్నది. ఆవ పెట్టిన కూర గూడ ఏసిన" అన్నాడు. ఆయనకి ఆవ పెట్టడం అంటే ఏంటో తెలియదని నాకు తెలుసు. ఆ రోజంతా ఆయన సార్ స్నేహితుల్ని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడంలో ఉన్నాడని తర్వాత తెలిసింది.  వేపచెట్టు కాకి మాత్రం నన్ను గుర్తుపట్టింది. నెల రోజుల్లో మళ్ళీ సమోసాలకి మరిగి, పప్పన్నం కిందపడేసింది.

మేడమ్ వాళ్ళు తర్వాత వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. నేనిప్పుడు రాస్ అల్ ఖైమాలో ఒక బడిలో ఆయాగా చేస్తున్నాను. ఊరు వెళ్ళి వచ్చాను రెండుసార్లు. కాలవ గట్టు చూశాను, ఆ ఇటుక ఇంకా అక్కడే ఉంది. ప్రతి ఏడూ తిథి రోజున గదికున్న చిన్న బాల్కనీలో ఆకు దొరికితే ఆకులో, లేకపోతే కాగితం పళ్ళెంలో ముద్ద పెడతాను. ఇక్కడ కాకులూ ఉన్నాయి, గోరింకలూ ఉన్నాయి, పావురాలైతే చెప్పక్కర్లేదు. ఎవరినీ తరమను. ఉక్కలో బొచ్చు కోటుతో దిగి, చీపురు పట్టుకుని సొంత తల్లి మీదికి లేచిన ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దాన్ని దగ్గరికి తీసుకుని నాలుగు ముద్దలు తినిపించాలని కూడా అనిపిస్తుంది, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదా అది.

ఈ ఏడు తిథి రోజు పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. గట్టు మీద నుంచే చేశాడు, వెనక కాలవ చప్పుడు వినబడుతోంది. "అక్కా, ఇప్పుడు ఫోన్‌లు బాగా వచ్చాయి, దూరంగా పెట్టినా దగ్గరగా కనబడుద్ది. సౌండు తీసేసి పెడతాను. వీడియో పెట్టమంటావా?" అని అడిగాడు.

"వద్దురా" అన్నాను. "అమ్మని తిననీ."